ఛార్జర్ తీగకు మెడ ఉంది: ల్యాప్‌టాప్ అడాప్టర్‌లో మనం చూడని ఏర్పాట్లు

మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు ఒక రబ్బరు పట్టీ ఉందని నాకు నాలుగో ఏట తెలిసింది. అడాప్టర్ ఒంటికి అతుక్కుని, అదే నలుపు రంగులో కలిసిపోయి, అది అసలు ఉన్నట్టే కనిపించేది కాదు. సెలవులకు వచ్చిన మా అక్క కూతురు ఆ ఛార్జర్ చేతిలోకి తీసుకుని, నేను తీగ చుట్టకు వేసిన కొత్తిమీర కట్ట రబ్బరు బ్యాండు చూసి, "మావయ్యా, దీనికే పట్టీ ఉంది కదా, ఇదెందుకు?" అంటూ గోటితో లేపి చూపించింది. అప్పటికే ఆ తీగకు అడాప్టర్‌లోంచి బయటికి వచ్చే చోట మూడు చుట్లు ఇన్సులేషన్ టేపు పడి ఉంది.

పట్టీ కనిపించకపోవడానికీ టేపు పడటానికీ సంబంధం ఉందా? కొంత ఉంది. ఇది ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన ఒక చట్టం ప్రకారం అక్కడ అమ్మే ఫోన్లు, టాబ్లెట్ల వంటి వాటికి 2024 డిసెంబర్ 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి యూఎస్‌బీ-సి ఛార్జింగ్ తప్పనిసరి. కంపెనీలు ఒక్క ఖండానికి ఒక రకం, మిగతా లోకానికి ఇంకో రకం తయారుచేయడానికి ఇష్టపడవు కాబట్టి ఆ మార్పు మన బజారులోకీ వస్తోంది. అడాప్టర్‌కు శాశ్వతంగా అతికించిన తీగ పోయి, రెండు వైపులా ఊడే తీగ వస్తోంది. దీంతో బాగుపడేది ఏది, పోయేది ఏది అన్నది తేల్చాలంటే, పాత అడాప్టర్ మీద ఏమేమి ఉండేవో ముందు చూడాలి.

అడాప్టర్ తీగ మధ్యలో ఎందుకు ఉంటుంది

సాధారణ ల్యాప్‌టాప్ ఛార్జర్‌లో మూడు భాగాలు. గోడ సాకెట్టు నుంచి అడాప్టర్ దాకా వచ్చేది ఏసీ తీగ. దీన్ని గోడ తీగ అందాం. మధ్యలో బరువైన నల్ల పెట్టె, అదే అడాప్టర్. అక్కడి నుంచి ల్యాప్‌టాప్ దాకా వెళ్లేది డీసీ తీగ. గోడ తీగ చాలావాటిలో ఊడి వస్తుంది. అడాప్టర్ వైపు మూడు గుండ్రాలు కలిసిన ఆకారంలో ఉండే ఆ సాకెట్టు ప్రపంచమంతా ఒకటే. అందుకే విదేశం నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌కు ఇక్కడి గోడ తీగ ఒక్కటి కొంటే సరిపోతుంది. చాలామంది దానికోసం మొత్తం ఛార్జర్ కొంటారు, లేదా ఊగిసలాడే కన్వర్టర్ పిన్ను పెట్టుకుని తంటాలు పడతారు.

పెట్టె మధ్యలోనే ఎందుకు, ఏదో ఒక చివర ఉండొచ్చు కదా అన్న ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. 65 వాట్ల అడాప్టర్ 19.5 వోల్టుల వద్ద ఇచ్చే కరెంటు దాదాపు 3.3 ఆంపియర్లు. డీసీ తీగలోని రాగి అడ్డకోత 0.8 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, మీటరుకు నిరోధం సుమారు 0.0215 ఓమ్‌లు. తీగ పొడవు 1.8 మీటర్లయితే కరెంటు వెళ్లి రావాలి కనుక 3.6 మీటర్లు, అంటే 0.077 ఓమ్‌లు. వేడిగా పోయేది సుమారు 0.85 వాట్లు. అదే డీసీ తీగను 5 మీటర్లు చేస్తే నష్టం 2.4 వాట్లకు చేరుతుంది, ల్యాప్‌టాప్‌కు అందే వోల్టేజీ ముప్పావు వోల్టు దాకా తగ్గుతుంది. ఆ 5 మీటర్ల పొడవునూ గోడ వైపు పెడితే? అక్కడ 230 వోల్టులు కాబట్టి కరెంటు తక్కువ. అర ఆంపియర్ అనుకున్నా పోయేది వాట్‌లో ఇరవయ్యో వంతు. పొడవు పెంచాలంటే గోడ వైపు పెంచాలి, ల్యాప్‌టాప్ వైపు కాదు. డీసీ తీగను కంపెనీలు రెండు మీటర్లలోపే ఆపడం పిసినారితనమేమీ కాదు.

గోడ తీగకు మరో గుణం ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. మూడు పిన్నుల తీగలో మూడోది ఎర్త్. కొన్ని అడాప్టర్లకు సంచిలో సులువుగా పట్టే రెండు పిన్నుల చిన్న ప్లగ్గూ, ఎర్త్ ఉన్న పొడవాటి తీగా రెండూ అమర్చవచ్చు. చిన్నది వాడినప్పుడు లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద అరచేయి ఆనిస్తే సన్నటి జలదరింపు తెలుస్తుంది. అడాప్టర్ లోపలి వడపోత కెపాసిటర్ల నుంచి కారే అతి స్వల్ప కరెంటు అది. మూడు పిన్నుల తీగ పెడితే, సాకెట్టుకు నిజంగా ఎర్త్ ఉంటే, అది పోతుంది.

తీగ చచ్చేది ఎక్కడ

మేస్త్రీలు ఇనుప చువ్వలకు కట్టే బైండింగ్ వైరును కత్తెర లేకుండా తెంచడం చూసే ఉంటారు. ఒకే చోట అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. లాగితే తెగనిది వంచితే తెగింది. వంచిన ప్రతిసారీ లోహం కాస్త గట్టిపడుతుంది, గట్టిపడ్డకొద్దీ పెళుసవుతుంది. ఛార్జర్ తీగలోని రాగి పోగులకూ ఇదే గతి. అవి సన్నగా, చాలా ఉంటాయి కనుక నాలుగుసార్లకు బదులు కొన్ని వేలసార్లు పడుతుంది, అంతే తేడా.

వంపు ఎంత బిగుతుగా ఉందన్నది అసలు సంగతి. 4 మిల్లీమీటర్ల మందం తీగను అడాప్టర్ అంచు మీదుగా లంబకోణంలో వంచామనుకుందాం. లోపలి అంచు వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లు. ఆ మలుపులో తీగ లోపలి వైపు పొడవు 3.1 మిల్లీమీటర్లు, బయటి వైపు 9.4. అంటే ఒకే మలుపులో బయటి చర్మం లోపలి చర్మానికి మూడు రెట్లు సాగాలి. అదే తీగను 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, అంటే చిన్న టీ గ్లాసంత గుండ్రంగా తిప్పితే లోపల 31.4, బయట 37.7. తేడా ఐదో వంతు మాత్రమే. పోగులు ఒకదాని మీద ఒకటి జారి కొంత సర్దుకుంటాయి నిజమే, కానీ పై పూత అలా జారలేదు. ముందు పగిలేది అదే.

ఇక తీగ గట్టి వస్తువులోకి దూరే చోటు ఉంది చూశారా, దాన్నే మెడ అంటున్నాను. ఒక ఛార్జర్‌కు ముఖ్యమైన మెడలు రెండు: డీసీ తీగ అడాప్టర్‌లోంచి వచ్చే చోటు, ల్యాప్‌టాప్ పిన్నులోకి దూరే చోటు. తీగ వంగగలదు, పెట్టె వంగలేదు. ఎటు లాగినా వంపంతా ఆ సరిహద్దు దగ్గరే పోగవుతుంది. అక్కడ చిలుక ముక్కులా సన్నబడుతూ, మధ్య మధ్య గాట్లున్న రబ్బరు తొడుగు కనిపిస్తుంది. అది అలంకారమని నేను చాలాకాలం అనుకున్నాను. మొదట్లో గట్టిగా, చివరికి వచ్చేసరికి మెత్తగా ఉండటం దాని పని. దానివల్ల వంపు ఒక్క బిందువు దగ్గర కాకుండా రెండు మూడు సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. గాట్లు లేకపోతే తొడుగు కూడా పెట్టెలాగే గట్టిదై, మెడ దాని చివరికి జరిగేది. మనం చుట్టే ఇన్సులేషన్ టేపు సరిగ్గా ఆ పనే చేస్తుంది: పాత మెడను గట్టిపరిచి, టేపు అంచు దగ్గర కొత్త మెడ పుట్టిస్తుంది.

చాలా డీసీ తీగల లోపలి కట్టడం కూడా ఈ కథలో భాగమే. మధ్యలో ఒక వాహకం, దాని చుట్టూ పూత, ఆ పూత చుట్టూ పోగులతో అల్లిన రెండో వాహకం, దానిపైన తోలు. బయటి పోగులు ముందు తెగుతాయి. తెగిన సూది మొనలాంటి పోగు లోపలి పూతలోకి గుచ్చుకుంటే షార్ట్ సర్క్యూటే. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఒకటి ఉంటుంది. ఈ అడాప్టర్ ఇన్ని వాట్లది అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. దానికి వెళ్లే సన్న తీగ మెడ దగ్గర తెగితే విచిత్రం జరుగుతుంది: ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. అడాప్టర్ ఎవరిదో గుర్తుపట్టలేని యంత్రం ఎక్కువ కరెంటు లాగడానికి భయపడుతుందన్నమాట. బ్యాటరీ పోయిందని కొత్తది కొనేవాళ్లు ఒకసారి ఇంకొకరి ఛార్జర్ పెట్టి చూస్తే డబ్బు మిగులుతుంది.

పట్టీ, కొక్కెం, చెవులు

తీగను చుట్టిపెట్టడానికి కంపెనీలు చేసిన ఏర్పాట్లలో పేరు తెచ్చుకున్నవి నాలుగు.

మొదటిది రబ్బరు పట్టీ. డెల్ అడాప్టర్ల మీద చాలా ఏళ్లుగా కనిపించింది. ఒక కొస పెట్టెకు అతికి ఉంటుంది, రెండో కొసను సాగదీసి చుట్ట మీద తగిలించాలి. రెండోది వెల్క్రో పట్టీ, ఇది తీగకే కట్టి వస్తుంది. కొత్త ఛార్జర్ విప్పగానే ప్యాకింగుతో పాటు దాన్నీ విసిరేసేవాళ్లు ఎక్కువ. అది ఛార్జర్‌లో భాగమని అనిపించకపోవడమే దాని దురదృష్టం. దీని పుట్టుక చిత్రమైనది. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రల్ 1941లో వేటకు వెళ్లి వచ్చాక తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్ల కాయలను భూతద్దంలో చూశాడు. మన పొలాల గట్ల మీద పంచె అంచుకు పట్టుకునే మరులమాతంగి కాయలు ఎలాంటివో అలాంటివే. ఆ కొక్కేల సూత్రానికి ఆయన 1955లో పేటెంటు పొందాడు.

మూడోది ఆపిల్ డీసీ తీగ మీద ఉండే చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ కొక్కెం. తీగ చుట్టడం పూర్తయ్యాక చివరి కొసను కింది వరుస తీగకు తగిలించడానికి. అది పైకీ కిందికీ జరుగుతుంది. ఏదో విరిగిన ముక్క కాబోలనుకుని పీకేసిన వాళ్లున్నారు.

నాలుగోది అదే కంపెనీ అడాప్టర్లకు ఉండిన మడత చెవులు. తెల్ల చదరపు పెట్టె పక్కనుంచి రెండు కొమ్మలు బయటికి లేచేవి, డీసీ తీగను వాటి చుట్టూ చుట్టేవారు. దానికన్నా ముందు, 1999లో ఐబుక్ అనే ల్యాప్‌టాప్‌తో వచ్చిన గుండ్రటి అడాప్టర్ ఇంకా సరదాగా ఉండేది. గాలిపటం దారం చుట్టే చరఖాలాగా పెట్టె అంచు గాడిలోనే తీగ మొత్తం చుట్టుకునేది. యోయో అని దానికి పేరు పడింది.

ఏ పద్ధతిలో తీగకు ఎంత శ్రమ పడుతుందో లెక్కపెడదాం. అడాప్టర్ కొలతలు 10.8, 4.6, 2.9 సెంటీమీటర్లు, తీగ 1.8 మీటర్లు. పెట్టె నడుము చుట్టూ చుడితే ఒక చుట్టుకు 15 సెంటీమీటర్లు, మొత్తం 12 చుట్లు, చుట్టుకు నాలుగు మూలలు, అంటే 48 పదునైన వంపులు. నిలువుగా చుడితే ఒక చుట్టుకు 27 సెంటీమీటర్ల పైన, ఆరున్నర చుట్లు, సుమారు 26 వంపులు. పెట్టెను వదిలేసి తీగను అరచేయంత, 10 సెంటీమీటర్ల గుండ్రటి చుట్టలుగా వేసి పట్టీ బిగిస్తే ఆరు చుట్లలోపు పని అయిపోతుంది. మూల ఒక్కటీ ఉండదు.

పట్టీ, వెల్క్రో ఈ మూడో పద్ధతికి పనికొచ్చేవి. నాలాగా పట్టీ చూడనివాళ్లు పెట్టె చుట్టూ చుడతారు, ఎందుకంటే పెట్టె కళ్లెదుట ఉంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతవరకూ ఇదే.

మెలి గురించి ఒక మాట. బావి దగ్గర చేంతాడు చుట్టిన చేతులకు ఇది చెప్పనక్కర్లేదు: ప్రతి చుట్టూ ఒకే వైపు వేస్తే తాడులో మెలి పేరుకుంటుంది, తీసేటప్పుడు ముడులు పడుతుంది. తీగ కూడా అంతే. కచేరీల్లో మైకుల తీగలు సర్దేవాళ్లు ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వేస్తారు. రెండు మెలులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒక కొస పట్టి విసిరితే తీగ తిన్నగా పరుచుకుంటుంది. బొటనవేలికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టే పద్ధతిలో మెలి అంతా తీగలోనే ఉండిపోతుంది.

చెవులు మేలు చేశాయా, మెడ విరిచాయా

మడత చెవుల మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ బలముంది.

వ్యతిరేకించేవాళ్ల మాట ఇది. తీగ రెండు చెవుల మధ్య నుంచి నేరుగా బయటికి వస్తుంది. చెవి చుట్టూ చుట్టాలంటే పుట్టిన చోటే పక్కకు లంబకోణంలో తిరగాలి. రోజుకోసారి చుట్టి విప్పితే ఏడాదికి 365 సార్లు అదే మెడ, అదే వైపు. బిగుతుగా చుడితే చక్కగా కనిపిస్తుంది కనుక అందరూ బిగుతుగానే చుడతారు. చక్కగా సర్దుకోమని ఇచ్చిన సాధనమే తీగను చంపుతోంది.

సమర్థించేవాళ్లు ఇలా అంటారు. చెవులు లేనప్పుడు జనం ఏం చేస్తున్నారు? పెట్టె చుట్టూనే చుడుతున్నారు, మెడ అప్పుడూ విరుగుతోంది. తప్పు చెవులది కాదు, మొదటి మలుపుది. తీగ బయటికి వచ్చిన చోట నాలుగు వేళ్లంత వదులు ఉచ్చు వదిలి, ఆ తర్వాత చుట్టడం మొదలుపెడితే మెడ మీద భారమే పడదు. పైగా చెవుల మీద చుట్టిన చుట్ట సంచిలో చెదరదు, వేరే వస్తువులకు చిక్కుకోదు.

వదులు ఉచ్చు వాదన నిజమే. నా ఇబ్బంది వేరే. ఆ ఉచ్చు వదలాలని ఆ వస్తువు మనకు ఎక్కడా చెప్పదు. చెవులు లేచి నిలబడి "ఇక్కడ చుట్టు" అంటాయి, "ముందు కాస్త వదులు" అనవు. యోయో గాడికి ఉండే గుండ్రటి వంపు చెవులకు ఉండి ఉంటే సగం గొడవ తీరేది. యూఎస్‌బీ-సి అడాప్టర్లు వచ్చినప్పుడు ఆపిల్ చెవులను పూర్తిగా తీసేసింది. తీగే ఊడి వచ్చేటప్పుడు దాన్ని పెట్టెకు చుట్టే అవసరం తగ్గిందన్నది అందులోని తర్కం. అయినా ఇప్పటికీ ఆ చెవుల కోసం నిట్టూర్చేవాళ్లు తక్కువేమీ కాదు.

ల్యాప్‌టాప్ వైపు: వంగిన పిన్ను, అయస్కాంతం, చిన్న దీపం

రెండో మెడ ల్యాప్‌టాప్ దగ్గర. తిన్నగా ఉండే పిన్ను పక్కకు పొడుచుకుని వస్తుంది. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాస్త పక్కకు జరిగితే దుప్పటి దాన్ని ఎత్తుతుంది, మోకాలు దాన్ని నొక్కుతుంది. ఎల్ ఆకారపు పిన్ను తీగను ల్యాప్‌టాప్ అంచు వెంబడి నడిపిస్తుంది కాబట్టి మీటలా పనిచేసే పొడవు తగ్గుతుంది. దీనికీ ఒక లోపముంది. కాలు తగిలి తీగ లాగినప్పుడు తిన్నటి పిన్ను ఒక్కోసారి ఊడి వస్తుంది, ఎల్ పిన్ను మాత్రం పట్టుకుని ల్యాప్‌టాప్‌నే బల్ల మీద నుంచి ఈడ్చుకుని వస్తుంది.

ఆ ఇబ్బందికి ఆపిల్ 2006లో మాగ్‌సేఫ్ పేరుతో అయస్కాంతపు పిన్ను తెచ్చింది. ఆలోచన వంటింటిది. జపాన్‌లో నీళ్లు కాచే విద్యుత్ కెటిళ్లకు, అమెరికాలో నూనెలో వేయించే విద్యుత్ పాత్రలకు ఇలాంటి అయస్కాంతపు తీగలు అప్పటికే ఉన్నాయి. పిల్లలు తీగ లాగితే మరిగే నూనె మీద పడకుండా తీగ మాత్రమే ఊడిరావాలి. మైక్రోసాఫ్ట్ కూడా 2012 నుంచి సర్ఫేస్ యంత్రాలకు అయస్కాంతపు పిన్ను వాడుతోంది. ఆపిల్ 2016 నాటి మ్యాక్‌బుక్ ప్రోలో మాగ్‌సేఫ్ తీసేసి యూఎస్‌బీ-సి ఒక్కటే ఉంచింది, 2021లో మళ్లీ తెచ్చింది. ఒక కంపెనీ తాను తీసేసిన దాన్ని వెనక్కి తేవడం అరుదు.

పిన్ను చివర వెలిగే దీపాన్నీ తీగల సంగతిలోనే లెక్కించాలి. డెల్ పిన్ను చుట్టూ వెలిగే వలయం, మాగ్‌సేఫ్ మీద నారింజ, ఆకుపచ్చ చుక్కలు బ్యాటరీ సంగతి చెప్పడానికే కాదు. వలయం వెలుగుతూ ఆరుతూ ఉంటే, పిన్ను కదిపినప్పుడు మిణుకుమంటే, మెడ లోపల పోగులు తెగడం మొదలైందని అర్థం. పై పూత పగలకముందే కనిపించే హెచ్చరిక అదొక్కటే.

పిన్నుకు జానెడు దూరంలో తీగ మీద ఉబ్బెత్తుగా కనిపించే గొట్టం సంగతి కూడా చాలామంది అడుగుతారు. అందులో ఫెర్రైట్ అనే పింగాణీలాంటి అయస్కాంత పదార్థం ఉంటుంది. అడాప్టర్ లోపల సెకనుకు వేలసార్లు జరిగే స్విచ్చింగ్ వల్ల పుట్టే అధిక పౌనఃపున్య రొదను అది అడ్డుకుంటుంది, లేకపోతే తీగే ఏరియల్‌లా మారి పక్కనున్న రేడియోలో గరగర పెడుతుంది. కింద పడేస్తే లోపల పగులుతుంది. దానికి రెండు పక్కలా చిన్న మెడలు కూడా ఉంటాయి, అక్కడ తీగ మడవకూడదు.

ఊడే తీగ వచ్చాక లెక్కలు ఎలా మారాయి

యూఎస్‌బీ-సి ప్రమాణం 2014లో ఖరారైంది. మొదట్లో దీని ద్వారా 100 వాట్ల దాకా వెళ్లేది, 2021 సవరణతో పరిమితి 240 వాట్లకు పెరిగింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో యూఎస్‌బీ టైప్-సికి సంబంధించిన ప్రమాణాన్ని ప్రకటించింది.

తీగల దృష్టితో చూస్తే ఇందులో పెద్ద మేలు ఒకటే, కానీ అది నిజంగా పెద్దది: మెడ విరిగితే తీగ మాత్రమే మారుతుంది. పాత పద్ధతిలో రెండు రూపాయల రాగి పోగులు తెగినందుకు నిక్షేపంలాంటి అడాప్టర్ మొత్తం చెత్తబుట్టకు పోయేది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. యూఎస్‌బీ-సిలో పట్టి ఉంచే స్ప్రింగులను ల్యాప్‌టాప్ సాకెట్టులో కాకుండా తీగ వైపు ప్లగ్గులో పెట్టారు. అరిగేది చౌకైన వస్తువు కావాలని. అది కనీసం 10,000 సార్లు పెట్టి తీసినా నిలవాలని ప్రమాణం అడుగుతుంది. రోజుకు రెండుసార్లు చొప్పున పదమూడేళ్లు పైనే. అయితే ఇది తిన్నగా పెట్టి తీసే లెక్క. గుమ్మంలో పరుగెత్తే పిల్లవాడి కాలికి తగులుకుని పక్కకు ఈడ్చే దెబ్బ ఇందులో లేదు.

కొత్త గందరగోళం తీగల మధ్య తేడా కంటికి కనిపించకపోవడం. మామూలు యూఎస్‌బీ-సి తీగ 3 ఆంపియర్ల వరకే మోస్తుంది. 20 వోల్టుల వద్ద అది 60 వాట్లు. 5 ఆంపియర్లు మోయాలంటే తీగ ప్లగ్గులో ఒక చిన్న గుర్తింపు చిప్పు ఉండాలి. ఒకరి దగ్గర 96 వాట్ల అడాప్టర్ ఉంది, ఫోనుతో వచ్చిన తీగను దానికి తగిలించారనుకుందాం. అడాప్టర్ చిప్పు కోసం చూస్తుంది, కనిపించదు, 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఎక్కుతుంది, నింద అడాప్టర్ మీద పడుతుంది. అడాప్టర్‌కు అతికిన పాత తీగతో ఈ తప్పు చేయడం సాధ్యమే కాదు.

యూఎస్‌బీ-సి అభిమానులు చెప్పేది: ఇంట్లో నాలుగు ఛార్జర్లకు బదులు ఒకటి చాలు, సంచిలో బరువు తగ్గుతుంది, తీగ పొడవు మన ఇష్టం. పాతకాలపు తీగను ఇష్టపడేవాళ్లు చెప్పేది: అతికిన తీగను ఎవరూ అరువు తీసుకుపోరు, పోగొట్టుకోలేరు, తప్పు తీగ పెట్టలేరు, పట్టీ, దీపం దానితోనే ఉంటాయి. ఊడే తీగ వచ్చాక పట్టీ బాధ్యత కొనేవాడి మీద పడింది. ఈ రెండో వాదన పాతచింతకాయ పచ్చడిలా వినిపించవచ్చు, కానీ ఆఫీసులో నలుగురి మధ్య తీగ పెట్టి భోజనానికి వెళ్లి వచ్చినవాళ్లకు దాని విలువ తెలుసు.

మధ్యేమార్గం లేకపోలేదు. 2021లో వచ్చిన కొత్త మాగ్‌సేఫ్ తీగకు ల్యాప్‌టాప్ వైపు అయస్కాంతం, దీపం ఉంటాయి, అడాప్టర్ వైపు యూఎస్‌బీ-సి. పైన అల్లిన నూలులాంటి తొడుగు, పొడవు 2 మీటర్లు. తీగ తెగితే తీగే కొనుక్కోవచ్చు. అయితే ఆ తీగ ఒక్క కంపెనీ ల్యాప్‌టాప్‌లకే పట్టడం, దాని ధర మామూలు తీగకన్నా ఎక్కువ కావడం దాని పరిమితులు. ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించుకునే అయస్కాంతపు యూఎస్‌బీ-సి ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ప్రమాణంలో లేనివి. బయటికి కనిపించే ఆ చిన్న చుక్కల్లాంటి కాంటాక్టుల మీద దుమ్ము, లోహపు రజను చేరితే 20 వోల్టులు ఎటు వెళ్తాయో చెప్పలేం.

మన గోడల మీది స్విచ్‌బోర్డు

ఈ ఏర్పాట్లన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి: సాకెట్టు నేలకు దగ్గరగా ఉంటుంది, అడాప్టర్ నేల మీద పడుకుంటుంది. అమెరికా, యూరప్ ఇళ్లలో చాలావరకు అంతే. తెలుగు ఇళ్లలో స్విచ్‌బోర్డు నాలుగడుగుల ఎత్తున, సాకెట్టూ స్విచ్చులూ కలిసి ఉంటుంది. ఎత్తు 1.2 మీటర్లు, గోడ తీగ ఒక మీటరు అనుకోండి. పావు కిలో పైచిలుకు బరువున్న అడాప్టర్ నేలకు జానెడు పైన, గాలిలో వేలాడుతుంది. ల్యాప్‌టాప్ మంచం మీద ఉంటే డీసీ తీగ అక్కడి నుంచి మళ్లీ పైకి ఎక్కాలి. ఎవరూ చుట్టకపోయినా, ఎవరూ లాగకపోయినా, అడాప్టర్ మెడ రోజంతా వంగే ఉంటుంది. పట్టీ వాడని తప్పు నాదే అయినా, నా టేపు పడ్డ మెడ సగం ఈ వేలాడటం వల్ల పోయిందని ఇప్పుడు అనుమానం.

గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహకం వాడే కొత్త చిన్న అడాప్టర్లు ఇక్కడ కొంత నయం. పెట్టె నేరుగా సాకెట్టులో కూర్చుంటుంది, వేలాడేది తేలికపాటి తీగ మాత్రమే. సాకెట్టు కొత్తదైతే ఇబ్బంది లేదు. పదేళ్లనాటి, పిన్ను పెట్టగానే తల వంచే సాకెట్టయితే ఆ పెట్టె బరువుకు పిన్ను సగం బయటికి వచ్చి లోపల చిటచిట మొదలవుతుంది. అలాంటి చోట పాత మూడు భాగాల అడాప్టరే మేలు. దాని ప్లగ్గు తేలిక, బరువంతా కిందుంటుంది, ఆ బరువు కింద ఒక స్టూలు పెడితే చాలు.

ఫోన్ల కోసం మన బజార్లలో ప్లాస్టిక్ జేబులు అమ్ముతారు, ఛార్జర్ పిన్నుకు తగిలించి అందులో ఫోను పెట్టుకునేవి. ల్యాప్‌టాప్ అడాప్టర్‌కు సరిపడేంత గట్టిగా అలాంటిది నాకు ఇంతవరకూ కనిపించలేదు. మా అమ్మమ్మ వాళ్ల పాత ఇంట్లో మాత్రం ఆ అవసరం రాలేదు. అక్కడి స్విచ్‌బోర్డు గోడలోంచి బెత్తెడు ముందుకు వచ్చిన టేకు చెక్క పెట్టె. దాని నెత్తి మీద అగ్గిపెట్టె, బ్లేడు, విభూతి పొట్లం ఉండేవి. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు వాటిని పక్కకు జరిపి అడాప్టర్ అక్కడ పెట్టాను, తీగ వదులుగా కిందికి జారింది.